కోడ్ నంబరు రెండు

పుస్తకాల గురించి రాసేవాళ్లు మామూలుగా కథల సంపుటినో, నవలనో ఎంచుకుంటారు. నేను ఎంచుకున్న పుస్తకానికి రచయిత పేరు లేదు. దాన్ని ఆసాంతం చదివానని చెప్పిన మనిషి నాకు ఇంతవరకూ తగల్లేదు. కానీ మన ఊళ్లకి ఏమేం ఉన్నాయో, ఇంకా ఏం కావాలో అన్న లెక్క తేలాలంటే ఆఫీసుల్లో తెరిచేది దాన్నే. పేరు ‘డిస్ట్రిక్ట్ సెన్సస్ హ్యాండ్‌బుక్, విశాఖపట్నం, 2011’. రెండు భాగాలు. మొదటి దాంట్లో ఊరూరి వివరం: బడి ఉందా, కుళాయి ఉందా, బస్సు వస్తుందా, పోస్టాఫీసు ఎంత దూరం. రెండో దాంట్లో ఊరూరి మనుషుల వివరం: ఎందరు, ఆడవాళ్లెందరు, చదువొచ్చినవాళ్లెందరు, పనిచేసేవాళ్లెందరు. 1951 జనగణన నుంచీ జిల్లాకో పుస్తకం చొప్పున ఇవి వస్తున్నాయి. డబ్బులు పెట్టి కొనక్కర్లేదు, నెట్‌లో దొరుకుతాయి.

మాది అనకాపల్లి. ఈ పుస్తకంలో మా ఊరు 86 వేల పైచిలుకు జనం ఉన్న మునిసిపాలిటీ. ఇప్పుడు ఆ మునిసిపాలిటీ లేదు. 2013లో విశాఖ మహానగరపాలక సంస్థలో కలిసిపోయింది. పోతే, 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి పేరుతో ఒక జిల్లా ఉంది. ఆ జిల్లా ఈ పుస్తకంలో లేదు. అంటే ఉన్న లెక్క లేని ఊరిది, ఉన్న జిల్లాకి సొంత లెక్క లేదు. పాత విశాఖ జిల్లా పేజీల్లోంచి మండలాలు ఏరి కూడుకుంటే కొత్త జిల్లా జనాభా 17 లక్షల చిల్లర తేలుతుంది. అదీ 2011 నాటిదే.

సగటు గురించి కూడా ఇక్కడే ఒక మాట చెప్పాలి. అప్పటి విశాఖ జిల్లా జనాభా 42,90,589. అక్షరాస్యత దాదాపు 67 శాతం. ఈ 67 ఎవరిది? బీచి రోడ్డు అపార్టుమెంట్లదీ కాదు, పాడేరు పైన కొండ ఊళ్లదీ కాదు, మా చెరకు పొలాలదీ కాదు. ముగ్గుర్నీ ఒక తక్కెట్లో వేసి తూస్తే వచ్చిన అంకె అది. ఇప్పుడు ఆ జిల్లా మూడు జిల్లాలైంది కాబట్టి తర్వాతి లెక్కలో ఈ మూడూ విడివిడిగా కనిపిస్తాయి. అందాకా 67తోనే కాలక్షేపం.

గణాంకాల మీద మనకి రెండు రకాల విమర్శలు అలవాటు. ఒకటి, ‘అన్నీ దొంగ లెక్కలే’. ఇది టీకొట్టు దగ్గర వినిపిస్తుంది, కొన్నిసార్లు సంపాదకీయాల్లోనూ. రెండోది సాహిత్యం వాళ్లది: ‘అంకెల్లో మనిషి ఉండడు, కథలోనే ఉంటాడు’. రెండూ వినడానికి బాగుంటాయి. రెండింటివల్లా పుస్తకం తెరిచే శ్రమ తప్పుతుంది. నాకు డేటాబేసులతో ఉద్యోగం. కొత్త టేబుల్ ఏదైనా చేతికొస్తే ముందు అందులోని అంకెలు చూడను. కాలమ్ పేరేంటి, అందులో ఏయే విలువలు చెల్లుతాయి, ఖాళీగా వదిలేస్తే దాన్ని ఏమని అర్థం చేసుకుంటున్నారు, ఇవి చూస్తాను. జనగణన పుస్తకాన్నీ అలాగే చదవాలని నా వాదన. రచయిత పేరు అట్టమీద లేకపోయినా, నిర్వచనాల పేజీలో ఆయన కూర్చునే ఉంటాడు. అంకెలు ఆ తర్వాత వచ్చే పాత్రలు.

‘పని’ అన్న మాటనే తీసుకుందాం. 2011 జనగణనలో పని అంటే ఏమిటి? ఆర్థికంగా ఉత్పాదకమైన ఏ వ్యవహారంలో పాల్గొన్నా పనే. కూలి దొరికినా దొరక్కపోయినా పనే. ఒంటితో చేసినా బుర్రతో చేసినా పనే. సొంత పొలంలోనో, ఇంటి వ్యాపారంలోనో జీతం లేకుండా కాస్త చెయ్యి వేసినా పనే. ఇంట్లో తాగడానికే అయినా సరే, గేదెని మేపి పాలు పితికితే పనే. ఆఖరికి గట్టు మీద నిలబడి పక్కవాళ్లచేత చేయించడం కూడా పనే. నేను నా మాటల్లో చెబుతున్నాను గానీ, అసలు నిర్వచనం ఇంత విశాలంగానూ ఉంది. మొదటిసారి చదివినప్పుడు ఆశ్చర్యపోయాను. ఆడవాళ్ల పనిని ప్రభుత్వం నిర్వచనంలోనే కొట్టేసి ఉంటుందని అనుకునేవాళ్లకి ఈ పేజీ జవాబు చెప్పదు, ఇంకో ప్రశ్న వేస్తుంది. ఇంత ఉదారంగా రాసుకున్న నిర్వచనంతో లెక్కపెడితే 2011లో దేశంలోని మగవాళ్లలో 53.3 శాతం, ఆడవాళ్లలో 25.5 శాతం మాత్రమే పనిచేసేవాళ్లుగా ఎలా తేలారు?

జవాబు కోసం పుస్తకం వదిలి గుమ్మం దగ్గరికి రావాలి. నిర్వచనం ఢిల్లీలో రాస్తారు, ప్రశ్న మాత్రం వీధి అరుగు మీద అడుగుతారు. 2011లో సుమారు 27 లక్షల మంది సిబ్బంది ఈ పనిలో ఉన్నారు. ఎక్కువగా బడి మేష్టార్లు, టీచర్లు. జనాభా లెక్క తీసింది ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు. అనకాపల్లి ప్రాంతం తెలిసినవాళ్లకి ఆ తేదీల అర్థం తెలుసు. సంక్రాంతి వెళ్లి నెల కాలేదు. చెరకు నరుకుతున్నారు, గానుగలు తిరుగుతున్నాయి, బెల్లం పొయ్యిలు రాత్రీ పగలూ మండుతున్నాయి. మా అమ్మమ్మగారి ఊరు మునగపాక వైపు. ఆ రోజుల్లో ఆవిడ చేసే పనులు ఇవి: తెల్లారకుండా లేచి పశువుల దగ్గర, ఆ తర్వాత పొయ్యి దగ్గరున్న కూలీలకి వంట, రసం తీసేసిన పిప్పిని కళ్లంలో పరిచి ఎండబెట్టడం, ఎండినదాన్ని మళ్లీ పొయ్యికి అందించడం, సాయంత్రం మళ్లీ పశువులు. పాకం దించి అచ్చుల్లో పోసేది మగవాళ్లు. దిమ్మల్ని బండెక్కించి మార్కెట్‌కి తోలేదీ, చీటీ మీద సంతకం పెట్టేదీ మగవాళ్లే.

అలాంటి ఇంటికి ఎన్యూమరేటర్ వచ్చి ‘ఇంట్లో ఆడవాళ్లు ఏం చేస్తారండీ?’ అంటే అరుగు మీద కూర్చున్న పెద్దాయన ఏమంటాడు? ‘ఏటి సేత్తారండీ, ఇంటికాడే ఉంటారు’. అందులో అబద్ధం లేదు, దురుద్దేశం లేదు. పశువులు ఇంటికాడే, పొయ్యి ఇంటెనకే. కానీ ఆ ఒక్క వాక్యంతో నిర్వచనం పేజీ మొత్తం రద్దైపోయింది. లోపల పిప్పి మోస్తున్న మనిషి ఫారంలో ‘పనిచేయనివాళ్లు’ అన్న గడిలోకి వెళ్లిపోయింది.

ఆ గడికి మళ్లీ ఉపగడులున్నాయి. పనిచేయనివాళ్లు ఏం చేస్తున్నారో రాయడానికి 2011 ఫారంలో ఏడు కోడ్‌లు ఇచ్చారు. విద్యార్థి 1. ఇంటిపని 2. ఇతరుల మీద ఆధారపడినవాళ్లు 3. పెన్షనర్లు 4. అద్దెలు, వడ్డీల మీద బతికేవాళ్లు 5. బిచ్చమెత్తేవాళ్లు 6. మిగతావాళ్లు 7. ఏ వ్యంగ్య రచయితా ఇంత పొందికగా రాయలేడనిపిస్తుంది. ఊరికి వడ్డీలకిచ్చి కాలు మీద కాలేసుకున్న ఆసామీ, ఊరికి అన్నం వండి నడుం విరిగిన మనిషీ ఒకే జాబితాలో పక్కపక్కన. దేశం మొత్తమ్మీద కోడ్ 2 కింద నమోదైన ఆడవాళ్లు దాదాపు 16 కోట్లు.

పని ఉందని ఒప్పుకున్నా కథ అయిపోలేదు. ఏడాదిలో ఆరు నెలలు, అంతకు మించి పనిచేస్తేనే ‘మెయిన్ వర్కర్’. తగ్గితే ‘మార్జినల్ వర్కర్’, అంటే అంచున ఉన్న పనివాళ్లు. బెల్లం సీజను మూణ్నాలుగు నెలలు. కాబట్టి బెల్లం పేరుతో దేశానికి తెలిసిన ఊళ్లో, బెల్లం పని మీదే నిలబడ్డ మనిషి, అదృష్టం బాగుంటే, అంచున దొరుకుతుంది. పరిశ్రమల వర్గీకరణ పట్టికలో చెరకు నుంచి బెల్లం తీయడానికి విడిగా ఒక కోడ్ ఉంది. బెల్లానికి ఉన్న గుర్తింపు బెల్లం చేసే చేతులకి కష్టంగా వస్తుంది.

ఇదంతా గుమ్మం దగ్గర జరిగిన పొరపాటే అనుకుంటే, నిర్వచనంలోనే కూర్చున్న పొరపాటు ఇంకోటి ఉంది. ఊరు ఎప్పుడు పట్నం అవుతుంది? మునిసిపాలిటీ లాంటి చట్టబద్ధమైన హోదా లేని ఊరిని కూడా జనగణన పట్నంగా గుర్తిస్తుంది, దాన్ని ‘సెన్సస్ టౌన్’ అంటారు. అందుకు మూడు షరతులు. జనాభా కనీసం 5,000 ఉండాలి. చదరపు కిలోమీటరుకి కనీసం 400 మంది ఉండాలి. మూడోది, మెయిన్ వర్కర్లలో కనీసం 75 శాతం మంది వ్యవసాయం కాని పనుల్లో ఉండాలి. ఎవరిలో 75 శాతం? మగవాళ్లలో. ఆ మాట అక్కడ స్పష్టంగానే ఉంది, కళ్లు జారిపోయేంత మామూలుగా ఉంది.

దీన్ని ఇప్పటి అనకాపల్లి జిల్లాకి పెట్టి చూడండి. అచ్యుతాపురం సెజ్‌లో బట్టల ఫ్యాక్టరీలకి చుట్టుపక్కల పల్లెల నుంచి వేల మంది అమ్మాయిలు షిఫ్టు బస్సుల్లో వెళ్తారు. వాళ్ల ఊళ్లలో నెల జీతం అన్నది చాలా ఇళ్లకి వాళ్లతోనే మొదలైంది. ఒక పల్లెలో ఆడపిల్లలందరూ ఫ్యాక్టరీకి వెళ్లి, మగవాళ్లు పొలంలోనే ఉన్నారనుకుందాం. ఈ నిర్వచనం ప్రకారం అది పల్లెగానే మిగులుతుంది. మగవాళ్లు పొలం వదిలి, ఆడవాళ్లు పొలంలో ఉండిపోతే మాత్రం పట్నం కావచ్చు. అంటే ఊరి స్వభావాన్ని తేల్చే ఓటు మగవాడి పనికే ఉంది. ఇది గుమాస్తా నిర్లక్ష్యం కాదు. కావాలని ఎంచుకున్న కొలబద్ద. దశాబ్దాలుగా వాడుతున్నారు కాబట్టి పాత లెక్కలతో పోల్చుకోడానికి వీలుంటుందని దాన్ని సమర్థించొచ్చు. ఆ సమర్థనలో న్యాయం ఉంది కూడా. కాకపోతే, పోలిక చెడకూడదని పాత కళ్లద్దాలే పెట్టుకుంటే కొత్తగా వచ్చింది ఎప్పటికీ కనపడదు.

పోలిక కోసం అదే ప్రభుత్వం తీసిన ఇంకో రచన చదవాలి. జాతీయ గణాంక కార్యాలయం 2019లో మొదటిసారి దేశమంతా ‘టైమ్ యూజ్ సర్వే’ చేసింది. అందులో ‘మీరు పనిచేస్తారా?’ అన్న ప్రశ్నతో మొదలుపెట్టరు. నిన్న తెల్లవారుజాము 4 గంటల నుంచి ఇవాళ 4 గంటల దాకా, అరగంటకో గడి చొప్పున, ఏం చేశారో చెప్పమంటారు. 48 గడులు. ఆరేళ్లు దాటిన ప్రతి మనిషికీ ఇంతే. జనగణన ‘నువ్వెవరు?’ అని అడుగుతుంది. ఇది ‘నాలుగున్నరకి ఏం చేస్తున్నావు?’ అంటుంది. మొదటిదానికి అరుగు మీది పెద్దాయన జవాబు చెప్పేయగలడు. రెండోదానికి ఆయన దగ్గర జవాబుండదు, లోపలికి కేకెయ్యాల్సిందే. కథలు రాసేవాళ్లకి ఈ తేడా వెంటనే అర్థమవుతుంది. పాత్ర ఎలాంటిదో రచయిత చెప్పేయడం ఒకటి, పాత్రని రోజంతా నడిపించడం ఇంకోటి.

ఫలితం ఏం వచ్చింది? ఇంటివాళ్ల కోసం జీతం లేని ఇంటిపని చేసినవాళ్లు ఆడవాళ్లలో 81.2 శాతం, మగవాళ్లలో 26.1 శాతం. చేసినవాళ్లలో ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు. ఈ 97 మగవాళ్లందరి సగటు అనుకునేరు. ఇంటిపనికి చెయ్యి పెట్టిన ఆ నాలుగోవంతు మంది సగటు మాత్రమే. 2024లో రెండో సర్వే వచ్చింది. ఆడవాళ్లవి 289 అయ్యాయి, మగవాళ్లవి 88. ఆడవాళ్లకి పది నిమిషాలు తగ్గితే మగవాళ్లు కూడా తొమ్మిది నిమిషాలు తగ్గించుకున్నారు. కోడ్ 2 అనే ఒక అంకె వెనక దాదాపు ఐదు గంటలున్నాయని చెప్పింది ఏ కవీ కాదు, గణాంక శాఖే. అందుకే ‘అంకెల్లో మనిషి ఉండడు’ అనే మాట నాకు నచ్చదు. ఉంటాడు, ఉంటుంది. ప్రశ్న ఎలా వేశారన్నదాన్ని బట్టి.

ప్రశ్న పదును పెరిగితే అంకె ఎంత కదులుతుందో అన్నది ఇప్పుడు పెద్ద చర్చ కూడా. కార్మిక సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో పనిలోనో, పని వెతుకులాటలోనో ఉన్నవాళ్లు 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. పెరిగినవాళ్లలో ఎక్కువమంది పల్లెల్లో స్వయం ఉపాధివాళ్లు, ఇంటి సేద్యంలోనో వ్యాపారంలోనో జీతం లేకుండా సాయపడేవాళ్లు. నిజంగా కొత్తగా పనిలోకి వచ్చారా? కష్టకాలం తోసిందా? లేక ఎప్పుడూ చేస్తున్న పనే ఇప్పుడు ఫారంలోకి ఎక్కిందా? ఆర్థికవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు. మా అమ్మమ్మ లాంటివాళ్లని చూసినవాడిగా నేను మూడో ప్రశ్నని తేలిగ్గా కొట్టేయలేను. అలాగని దాన్నే జవాబుగానూ చెప్పలేను.

భాష విషయంలో కూడా ఇదే వ్యాకరణం పనిచేస్తుంది, మన పాఠకులకి అది ఇంకా దగ్గరి సంగతి. 2011లో మాతృభాష ఏదని అడిగితే దేశం చెప్పిన పేర్లు 19,569. వాటిని శుద్ధి చేసి 1,369 మాతృభాషలు చేశారు. పదివేల మందికి తగ్గకుండా మాట్లాడేవి 270. వాటిని గుంపులు కట్టి 121 భాషలన్నారు. తెలుగు వాటాకి 8,11,27,740 మంది వచ్చారు. 2001లో మూడో స్థానంలో ఉన్న మనం నాలుగుకి జారామని పేపర్లలో బెంగపడ్డాం. ‘ఏటి సేత్తన్నావు’ అనేవాళ్లనీ ‘ఏం జేస్తున్నవ్’ అనేవాళ్లనీ ఒకే అంకెలో పోసినందుకు ఎవరూ బెంగపడలేదు. పోయక తప్పదు, ఒప్పుకుంటాను. లెక్కంటేనే కొన్ని తేడాలు మరిచిపోవడం. ఏవి మరిచిపోయారో పాఠకుడికి తెలిసుండాలి, అంతే.

ఉత్తరాంధ్ర కథ చదివినవాళ్లకి ఇది కొత్త పాఠమేమీ కాదు. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ మొత్తం ఒక అప్పు లెక్క చుట్టూ తిరుగుతుంది. ఎంత బాకీ అన్నదానికంటే ఆ లెక్క ఎవరు చెబుతున్నారు, ఎవరి సాక్షిగా చెబుతున్నారు అన్నది ఆ కథలో ముఖ్యం. అన్నేళ్లుగా ఆ కథ మీద వాదులాడుకుంటున్న మనం, జనగణన పుస్తకం దగ్గరికొచ్చేసరికి మాత్రం లెక్క చెప్పేవాణ్ణి అడగడం మానేశాం.

ఇంత తప్పులెన్నాక, ఈ పుస్తకం లేకపోయినా పర్వాలేదంటానా? అనను. లేకపోతే ఏమవుతుందో ఇప్పుడు కళ్లముందే ఉంది. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. మొదట కోవిడ్ అన్నారు, తర్వాత వాయిదాల మీద వాయిదాలు. 2013 ఆహార భద్రతా చట్టం పల్లెల్లో 75 శాతం, పట్నాల్లో 50 శాతం దాకా జనానికి రేషను హక్కు ఇచ్చింది. కానీ ఏ జనాభాలో 75 శాతం? 2011 జనాభాలో. దేశం పెరిగినా కేంద్రం లెక్క సుమారు 81 కోట్ల దగ్గరే ఆగిపోయింది. ఇందువల్ల పది కోట్ల మందికి పైగా మిగిలిపోయారని జాన్ డ్రేజ్, రీతికా ఖేరా లాంటి ఆర్థికవేత్తలు 2020లోనే అంచనా వేశారు. ఇక్కడ తప్పు నిర్వచనానిది కాదు, ఎన్యూమరేటరుదీ కాదు. పుస్తకమే అచ్చు కాలేదు.

అచ్చు కావాల్సినవి ఆపేసిన సందర్భాలూ ఉన్నాయి. 2017-18 నిరుద్యోగ నివేదిక బయటికి రాలేదన్న అభ్యంతరంతో 2019 జనవరిలో జాతీయ గణాంక సంఘం నుంచి పి.సి. మోహనన్, జె.వి. మీనాక్షి రాజీనామా చేశారు. 6.1 శాతం అన్న అంకె ఎన్నికలయ్యాక మే 31న అధికారికంగా వచ్చింది. అదే ఏడాది నవంబరులో కుటుంబ ఖర్చుల సర్వేని నాణ్యత బాగోలేదంటూ పక్కన పెట్టేశారు. నాణ్యత మీద అనుమానముంటే అనుమానంతో సహా అచ్చెయ్యాలి. నవల బాగోలేదని విమర్శకుడు అనాలంటే ముందు నవల బయటికి రావాలి కదా. శాంపిల్ సర్వేల విద్యలో ప్రపంచానికి పాఠం చెప్పిన దేశం ఇది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లెక్కలు చదువుకుని కలకత్తా వెళ్లిన సి.ఆర్. రావు పేరు లేకుండా ప్రపంచంలో ఏ గణాంకశాస్త్ర పాఠ్యపుస్తకమూ పూర్తికాదు. అలాంటి చోట ‘అన్నీ దొంగ లెక్కలే’ అని జనం తేలిగ్గా అనేస్తున్నారంటే, ఆపేసిన ప్రతి నివేదికకీ అందులో వాటా ఉంది.

ఇప్పుడు తర్వాతి సంపుటి రాబోతోంది. 2025 జూన్ 16న నోటిఫికేషన్ ఇచ్చారు. లెక్కకి ప్రమాణమైన తేదీ 2027 మార్చి 1. మనుషుల్ని లెక్కపెట్టేది ఆ ఏడాది ఫిబ్రవరిలో. కులం కూడా అడుగుతారు. కాగితం బదులు మొబైల్ యాప్. ఇష్టమైతే ఇంటివాళ్లే సొంతంగా వివరాలు నింపుకోవచ్చు. అనకాపల్లి మొదటిసారి జిల్లాగా లెక్కకెక్కేది ఇప్పుడే. కులం గడి మీద ఇప్పటికే బోలెడు చర్చ జరుగుతోంది, జరగాల్సిందే. పని గడి మీద నాకు చర్చ కనిపించడం లేదు.

ఈ పత్రిక చదివేవాళ్లలో చాలామంది ఇళ్లలో ఆ యాప్ నింపేది మనమే అవుతాం. ఓటీపీ వచ్చేది మన ఫోనుకే కదా. అరుగు మీది పెద్దాయన పాత్ర ఈసారి మనది. అమ్మ పేరు ఎదురుగా ‘ఇంటిపని’ అని ఒక్క వేలితో నొక్కేసి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోవడానికి రెండు సెకన్లు చాలు. అలా నొక్కకండి. ఆవిణ్ణే పిలిచి కూర్చోబెట్టి, పోయిన ఏడాది ఉగాది నుంచి నెల నెలా ఏం చేసిందో అడగండి. గేదె ఉందా, పాలు ఎక్కడికి పోశారు, పొలంలో ఎన్నాళ్లు, కుట్టుమిషన్ మీద ఎన్ని జాకెట్లు, షాపులో ఎన్ని గంటలు. నిర్వచనం మన వైపే ఉంది, దాన్ని పదిహేనేళ్ల కిందటే రాసిపెట్టారు. ఫిబ్రవరిలో మా వైపు బెల్లం పొయ్యిలు మండుతూనే ఉంటాయి, కాబట్టి ఆవిడ వెంటనే రాలేకపోవచ్చు. చేతిలో పని అయ్యేదాకా ఆగండి.